అసూయ లేని పోగులు

మా వదినంటే నాకు అసూయ. ఈ ముక్క ముందే చెప్పేసుకుంటే తక్కినదంతా చెప్పడం సులువు. ఆవిడ మా ఆయనకి అక్క. ఢిల్లీలో పేరున్న ఆర్థికవేత్త. నేను గజపతినగరంలో ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తాను. విజయనగరంలో కాపురం, రోజూ బస్సులో రాకపోకలు. ఇద్దరం చదివింది ఒకే శాస్త్రం. ఆవిడ నోరు తెరిస్తే దాన్ని విశ్లేషణ అంటారు, నేను తెరిస్తే మా ఇంట్లో పాఠం అంటారు.

టమాటాల సంగతే తీసుకోండి. ఒకసారి వాటి ధర మండిపోతున్న రోజుల్లో రైతు బజారులో చవగ్గా ఇస్తున్నారని తెలిసి, మా ఆయన పొద్దున్నే సంచీ పట్టుకుని వెళ్ళాడు. ఎండెక్కి, చొక్కా తడిసి ముద్దయ్యాక తిరిగొచ్చాడు. కొండని తవ్వి తెచ్చినట్టు సంచీని వంటింటి గట్టు మీద పెట్టాడు. ఆ పూట ఆఫీసుకి సెలవు పెట్టాడు, దారిలో టిఫిను చేశాడు, ఆటోలో వచ్చాడు. ఇవన్నీ కలుపుకుంటే విజయనగరం మొత్తం మీద ఇంత ఖరీదైన టమాటాలు ఎవరూ తినడం లేదని నేనన్నాను. అవకాశ వ్యయం అంటే అదే కదా, ఒకటి పట్టుకోవడం కోసం మనం వదిలేసుకున్న రెండోది.

"ఒసే, ఆ క్లాసేదో కాలేజీలో సెప్పుకో. ముందు పులుసు ఎట్టు" అన్నాడు.

నెల తిరక్కుండా వాళ్ళక్క ఫోను చేసింది. మాటల్లో టమాటాల కథ వచ్చింది. "లైన్లో నిలబడ్డ టైముకి ధర కట్టుకోలేదేట్రా తమ్ముడూ?" అని ఆవిడ నవ్విందో లేదో, ఈయన ముఖం వెలిగిపోయింది. వారం రోజులు ఆఫీసులో కనపడ్డవాళ్ళందరికీ అదే చెప్పాడు. "మా అక్క ఒక మాటన్నాది" అని మొదలుపెట్టడం, టమాటాల దగ్గర ఆగి ఎదుటివాళ్ళ ముఖం చూడడం. నేను పులుసు కలుపుతూ వింటూ ఉండేదాన్ని.

నేను క్లాసులో చెప్పే సూత్రం ఒకటుంది. ఆకలిగా ఉన్నవాడికి మొదటి అరటిపండు అమృతం, రెండోది బాగుంటుంది, మూడోది పరవాలేదు, ఆ తర్వాత ఒద్దు బాబోయ్ అంటాడు. ఏదైనా తింటున్నకొద్దీ దాని వల్ల కలిగే తృప్తి తగ్గుతూ పోతుందని పిల్లలు వల్లెవేస్తారు. అసూయకి మాత్రం ఈ సూత్రం వర్తించదు. ప్రతి విడతకీ కొత్తగా, మొదటిసారి అన్నంత కారంగా ఉంటుంది.

అన్నిటికన్నా బస్సు సంగతి నన్ను ఎక్కువ మండించింది. ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేశాక నాకు సీటు దొరకడం మానేసింది. అంతకు ముందు కిటికీ పక్క సీటు నాదే అన్నట్టుండేది, కండక్టరు కూడా చేయి చూపించేవాడు. ఇప్పుడు ఎక్కడంతోనే పైన కడ్డీ పట్టుకుని వేలాడటం. ఒకరోజు ఇంటికొచ్చి కాళ్ళు బకెట్లో వేడినీళ్ళలో పెట్టుకుని ఉండగా వదిన ఫోను. "టికెట్టు ఊరికే ఇస్తన్నారు వదినా. డబ్బులకి బదులు మన కాళ్ళు పుచ్చుకుంటన్నారు" అన్నాను. ఆవిడ పగలబడి నవ్వింది. నా మాటకి ఆవిడ అలా నవ్వడం నాకూ బాగానే అనిపించింది.

కొన్నాళ్ళకి టీవీలో చర్చ. వదిన ముదురాకుపచ్చ చీర కట్టుకుని కూర్చుంది. "ఉచితం అనేది ఎక్కడా ఉండదండి. ధర రూపాయల్లో పుచ్చుకోకపోతే కాళ్ళనొప్పుల్లో పుచ్చుకుంటారు" అంది. అడుగుతున్న కుర్రాడు ముచ్చటపడిపోయాడు. నా పక్కన కూర్చున్న మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

"అత్త సూడమ్మా, ఎంత బాగా సెప్పిందో!"

"అవి నా కాళ్ళే" అన్నాను.

"నీ కాళ్ళేటి, అందరి కాళ్ళూను" అంది మా అమ్మాయి, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఇంతకీ అసలు పోటీ ఆ అమ్మాయి కోసమే. నాకు ఒక్కతే కూతురు. ఇంటర్ అయ్యాక క్లాసులో అందరూ ఇంజనీరింగు అంటూ విశాఖపట్నం దారి పడుతుంటే, ఇది ఎకనామిక్స్ చదువుతానంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళూ ఇంట్లో గోడలకి చెప్పిన పాఠాలు ఒక్క చెవిలోనైనా పడ్డాయి అనుకున్నాను. ఆ సంతోషం దాని మాట పూర్తయ్యేదాకానే ఉంది. "ఢిల్లీ వెళ్ళి చదువుతాను. అత్తలాగ అవుతాను" అంది.

అమ్మలాగ అని అది అంటుందని నేను ఆశపడ్డానని బయటికి అనలేను కదా. "బాగున్నాది" అన్నాను. లేచి వెళ్ళి అన్నం చల్లారిపోయిందేమో చూశాను.

ఢిల్లీలో అది చేరాలనుకున్న కాలేజీ వాళ్ళు పరీక్షతో సరిపెట్టరు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. నీ చుట్టుపక్కల జరిగే ఒక మామూలు విషయం తీసుకుని, అందులో ఆర్థికశాస్త్రం ఎక్కడుందో చెప్పమంటారు. ఏం చెప్పాలా అని మా అమ్మాయి రోజూ తల పట్టుకునేది. మా అత్తవారి ఊళ్ళో వేట మాంసం పంచే పోగుల గురించి చెప్పమన్నాను. క్లాసులో నేను ఏటేటా చెప్పే ఉదాహరణ అది, నా సొంతం. "అత్తనడుగుతాను" అంది. అత్త ఆ వారమే అమ్మవారి పండక్కి ఊరొస్తోంది.

మా అత్తవారి ఊరు రామతీర్థానికి దగ్గర. అమ్మవారి పండగనాడు అయిదిళ్ళ పాలివాళ్ళం, దాయాదులం, కలిసి ఒక మేకపోతుని వేట వేస్తాం. మగవాళ్ళు కోసి ముక్కలు చేసి ఇస్తారు. వాకిట్లో అడ్డాకుల మీద ఆ మాంసాన్ని అయిదు పోగులు పెట్టడం పెద్దకోడలి పని. అందరూ వరసగా వచ్చి తలో పోగు తీసుకెళ్తారు. పోగులు పెట్టినావిడది ఆఖరి వంతు, అంటే మిగిలిందే ఆవిడకి. నా పెళ్ళినాటి నుంచి మా అత్తే పెడుతోంది.

ఆ ఉదయం వదిన మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఢిల్లీలో ఇంగ్లీషు, టీవీలో పుస్తకాల తెలుగు, మావాళ్ళతో నోరు తెరిస్తే మా యాస. అదొకటి ఆవిడకి. నేను క్లాసులో ఈ యాసలో మాట్లాడితే పిల్లలు కిసుక్కుమంటారు, ఆవిడ మాట్లాడితే ముచ్చటట.

"ఇలగ సూడు. పోగులెట్టినోళ్ళకి ఆఖరుది వస్తాదని ఎందుకు ఎట్టేరు రూలు? ఏ ఒక్క పోగు సిన్నదైనా అదే తనకి మిగుల్తాది కదా. అంచేత ఒళ్ళు దగ్గరెట్టుకుని అన్నీ సమానంగా ఎడతాది. పోలీసక్కర్లేదు, తూకమక్కర్లేదు. తన స్వార్థమే తన సేత న్యాయం సేయిస్తాది."

"అబ్బ! ఎంత బాగున్నాదత్తా!" అంది మా అమ్మాయి.

ఇదే ముక్క, దాదాపు ఇవే మాటల్లో, అది తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నేను చెప్పాను. అప్పుడది జడ వేయించుకుంటోంది. రబ్బరుబ్యాండు గట్టిగా లాగావమ్మా అంది, అంతే. ఇప్పుడు చూస్తే కళ్ళింత చేసుకుని వింటోంది. లేచి వాళ్ళిద్దరి మధ్య కూర్చుందామా అన్నంత కోపం వచ్చింది.

అప్పుడే మా అత్త గుమ్మంలోంచి కేకేసింది. "ఒలే, నాకు మోకాళ్ళు వొంగట్లేదు. ఈపాలి పోగులు నువ్వెట్టీ. పెద్దకోడలివి నువ్వే కదేటి."

నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. వదిన నోటితో చెప్పింది, నేను చేతితో చేసి చూపిస్తాను. కొంగు బిగించి అడ్డాకులు పరిచాను. మెత్తటి ముక్కలు లెక్కపెట్టి అయిదు చోట్లా వేశాను. ఎముకలు ఎముకలకి సరితూచాను. కార్జం అయిదు భాగాలు చేయించాను. నాలుగు కాళ్ళు అయిదిళ్ళకి ఎలా వస్తాయి? కణుపుల దగ్గర కొట్టించి ముక్కలు పంచాను. తలకాయని కూడా కొట్టమన్నప్పుడు కత్తి పట్టుకున్న మనిషి నా వంక ఒకసారి చూశాడు. "కొట్టీమంటావా అమ్మా?" అన్నాడు. "కొట్టు" అన్నాను. పని పూర్తయ్యేసరికి ఏ పోగు ఏదో నాకే తెలియలేదు, ఒకదాన్ని చూసి అయిదు చేసినట్టున్నాయి.

వదిన చుట్టూ తిరిగి చూసింది. "ఏటే మరదలా, అదరగొట్టీసినావు" అంది. మా అమ్మాయి వైపు తిరిగి, "దీన్ని మా శాస్త్రంలో అసూయ లేని పంపకం అంటారే. పక్కోడి పోగు నా పోగు కన్నా బాగున్నాదని ఒక్కడికీ అనిపించకూడదు. పుస్తకాల్లో ఉంటాది గాని కళ్ళతో సూడ్డం కష్టం. మీ అమ్మ సేసి సూపించింది" అంది.

మా అమ్మాయి నన్ను చూసింది. అత్తని చూసే చూపుతో చూసింది. ఆ ఒక్క నిమిషం నాకు ఎవరి మీదా ఏ అసూయా లేదు. వదిన మంచిదేనని కూడా అనిపించింది.

మా అత్త గోడ పట్టుకుని మెల్లిగా వాకిట్లోకి వచ్చింది. అయిదు ఆకులూ కలయజూసింది.

"తలకాయేదే?" అంది.

"ముక్కలు సేయించి అందరికీ ఏసీసేనత్తా."

"తలకాయ కూడానా?"

వచ్చినట్టే గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వరసలో మొదటివాడు పెద్దమావ, మా మావగారి అన్న, భార్య పోయి చాలా ఏళ్ళయినాయన. ఆయన అరుగు పక్కన కొబ్బరిడొక్కలతో మంట వేసుకుని కూర్చున్నాడు. ప్రతి ఏడూ తలకాయ ఆయనే పట్టుకెళ్ళి, అక్కడే కాల్చి, గీరి, తనే వండించుకుంటాడు. ఆ సంగతి నాకు గుర్తే లేదు. ఆయన లేచి వచ్చి ఒక ఆకు దగ్గర వంగి చూశాడు, రెండో ఆకు దగ్గర వంగాడు, మూడో దాని దగ్గరికి వెళ్ళలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి మంట మీద పోసేసి, "పోగు మావోడొచ్చి పట్టుకెళ్తాడులే" అని వెళ్ళిపోయాడు.

తర్వాత చిన్నత్త, మా మావగారి తమ్ముడి భార్య. ఆవిడకి ముందు పళ్ళు లేవు, వెనకవి కదులుతున్నాయి. ఏ ఆకు తీసుకున్నా ఒకటే గనక ఆవిడ అలా చూస్తూ నిలబడింది, ఏదో మరిచిపోయినట్టు. ఆఖరికి కాలి దగ్గరున్న ఆకు ఎత్తుకుని వెళ్ళి అరుగు మీద కూర్చుంది. మా మరిది బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని సిమెంటు కట్టుతో మంచాన ఉన్నాడు. వాళ్ళావిడ, నా తోటికోడలు, పోగు తీసుకుని కాళ్ళ ముక్కలు వేళ్ళతో పైకి తీసి చూసుకుంది. విరిగిన కాలికి కాళ్ళ రసం పెట్టాలని అందరికీ తెలుసు, ఆ రెండు కణుపులతో రసం ఏమవుతుంది? ఆవిడ కాస్త తటపటాయించి చిన్నత్త దగ్గరికి వెళ్ళింది.

"సిన్నత్తా, నీ కాళ్ళ ముక్కలు నాకిచ్చీవా? నా కార్జం నువ్వు తీసుకో."

మా వదిన కళ్ళు మెరిశాయి. "సూడవే, మార్కెట్టు పుట్టింది" అని మా అమ్మాయి చెవిలో అనడం నాకు వినపడింది.

చిన్నత్త ముఖం మాత్రం ఎర్రబడింది. "నాతో బేరమాడతన్నావేటి? నేను కార్జానికి మొకం వాచిపోయేనని నీకెవరు సెప్పేరే? నా నోరు తెరిసి ఎప్పుడైనా అడిగేనా నేను?" అని ఆకులో ఉన్న కాళ్ళ ముక్కలన్నీ తీసి ఆవిడ ఆకులో పడేసింది. తోటికోడలు ఏడుపు గొంతుతో కార్జం ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ పూట పాలివాళ్ళ అయిదిళ్ళలోనూ మాంసం ఉడికింది, ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటికి గిన్నె పంపలేదు.

వదిన దీనికీ ఒక మాట చెప్పింది. మార్పిడికి ఖర్చులుంటాయంది. వచ్చే ఏడు ముందుగానే ఎవరికేం కావాలో చెప్పించుకుంటే సరిపోతుందంది. మా అమ్మాయి తలూపింది. మర్నాడు ఆవిడ ఢిల్లీ రైలెక్కేసింది.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మా అత్త ఇన్నేళ్ళు పెట్టిన పోగులు ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఒక ఆకులో తలకాయ నిండుగా ఉండేది. ఒకదాంట్లో కార్జం, మెత్తటివి. ఒకదాంట్లో కాళ్ళు, ఎముకలు. ఏ ఏడూ అవి సమానంగా లేవు. నేనూ, ఆ ఇంట్లోనే పుట్టిన వదినా, ఇద్దరం అక్కడ లేని సమానత్వాన్ని చూసి దానికి కారణం చెప్తూ వచ్చాం. ఏ ఏడు ఎవరింట్లో ఎవరికి ఏం కావాలో మా అత్తకి తెలుసు. అందరూ ఏదో చేతికందింది తీసుకున్నట్టు తమ ఆకు తాము ఎత్తుకుని వెళ్ళేవారు. ఒక్కరూ నోరు తెరిచి అడగాల్సిన అవసరం ఉండేది కాదు. నేను అన్నీ ఒక్కలా చేసి, అందరి చేతా అడిగించాను.

ఊరి నుంచి తిరిగొస్తూ విజయనగరం బస్సులో మా అమ్మాయితో ఇదంతా చెప్పాను. మొదట్లో ఫోను చూసుకుంటోంది. చెప్పుకుపోయాను.

"మీ నానమ్మ పంచింది మాంసం ఒక్కటే కాదే. అడగక్కర్లేకుండా సేసింది. అడగడానికి కూడా ఒక ధర ఉంటాది, అది ఏ కాటాలోనూ పడదు. అడిగి పుచ్చుకున్న కార్జం సిన్నత్తకి ఎలాగ దిగుతాది గొంతు?"

అది ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ బస్సే సూడు. మా క్లాసులో ఒక పిల్ల వారానికి రెండు రోజులు మానీసేది. వంట్లో బాగోలేదనేది. ఛార్జీ డబ్బుల కోసం రోజూ పొద్దున్న నాన్న ముందు సెయ్యి సాపాలి, ఆయన మూడ్ బాగోలేకపోతే ఆ రోజు కాలేజీ లేదు. ఇప్పుడు ఒక్క రోజు మానదు. ఛార్జీ ఎంత మిగిలిందని లెక్కలేస్తారు, ఎంతమంది నిలబడుతున్నారని లెక్కలేస్తారు. ఆ పిల్లకి ఈ బస్సు ఇచ్చింది ఏటనుకున్నావు? నాన్నని అడగక్కర్లేకపోవడం."

మా అమ్మాయి నా చేయి పట్టుకుంది. "అమ్మా, ఇది మళ్ళీ సెప్పు. మొదట్నించీ సెప్పు" అంది. చెల్లూరు దాటి, ఊళ్ళోకి వచ్చి, కోట దగ్గర దిగేదాకా చెప్తూనే ఉన్నాను. మధ్యలో ప్రశ్నలు వేసింది, నాకు అడ్డం తగిలింది, ఒకచోట నన్ను సరిదిద్దింది కూడా. నా ఉద్యోగంలో నేను చెప్పిన అన్ని క్లాసుల్లోకీ మంచి క్లాసు అదే. వదిన ఆ బస్సులో లేనందుకు నాకు ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను.

కాలేజీ వాళ్ళు మాట్లాడించే రోజు మా అమ్మాయి గది తలుపు వేసుకుంది. నేను తలుపు బయట నిలబడ్డాను. లోపల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తలుపు తెరుచుకున్నాక ముఖం చూస్తేనే తెలిసింది.

"పోగుల గురించి సెప్పేవా?"

"సెప్పేను. బస్సు గురించి కూడా సెప్పేను. వాళ్ళకి భలే నచ్చిందమ్మా, దానిమీదే అడుగుతా ఉన్నారు."

నేను ఇంకొక్క మాట కోసం అక్కడే నిలబడ్డాను. అది మంచినీళ్ళు తాగి స్నేహితులకి ఫోను చేసుకోవడానికి మేడ మీదికి వెళ్ళింది. తర్వాత సీటు వచ్చిందని తెలియగానే మా ఆయన మొదట ఫోను చేసింది వాళ్ళక్కకే. "అంతా నీ సలవేనక్కా" అన్నాడు. స్పీకరులో వదిన గొంతు సంతోషంతో వణికింది. ఉండడానికి కూడా మా ఇల్లే అంది, వేరే మాట లేదంది. మా అమ్మాయి గెంతులేసింది. నేను కూడా నవ్వుతూ నిలబడ్డాను, బుగ్గలు నొప్పి పుట్టాయి.

అది వెళ్ళడానికి ఇంకా కొద్ది రోజులున్నాయనగా, గజపతినగరంలో ఉన్న స్నేహితురాలికి చెప్పి వస్తానని నాతో పాటు బస్సెక్కింది. కండక్టరు ఇద్దరికీ సున్నా టికెట్లు కొట్టి ఇచ్చాడు. దేవుడి దయ వల్ల ఒక్క సీటు దొరికితే నన్ను కూర్చోబెట్టి అది కడ్డీ పట్టుకుని నిలబడింది. బస్సు కుదుపుకి దాని చున్నీ కొస నా ముఖానికి తగులుతోంది. ఇంక నాలుగు రోజులు పోతే ఈ పిల్ల పొద్దున్న లేచి మొదట చూసే ముఖం వదినది. వదిన కాఫీ కలిపి ఇస్తుంది, పేపరు చేతిలో పెడుతుంది, మాటల్లో మాటగా ఏదో చెప్తుంది. ఇది కళ్ళింత చేసుకుని వింటుంది. నా దగ్గరున్న ఒక్క పిల్లనీ ఏ ఆకులో పెట్టినా రెండు పోగులు చేయలేను.

నాకు ఏం కావాలో దానికి తెలుస్తుందని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. తెలియలేదు. ఇంక నోరు తెరిచి అడిగేశాను.

"ఒసే, ఆ రోజు పోగుల సంగతి సెప్పినప్పుడు, ఇలాగ ఆలోసించడం నీకెవరు నేర్పేరని అడిగేరా వాళ్ళు?"

"అడిగేరు."

"ఏటన్నావు?"

"అత్త నేర్పిందన్నాను" అంది.

దాని ముఖంలో దాపరికం లేదు, తప్పు చేశానన్న బెరుకూ లేదు. చున్నీ సర్దుకుంటూ మామూలుగా చెప్పింది.

"అత్త పేరు వాళ్ళకి తెలుసు కదమ్మా. ఆ పేరు సెప్పగానే అందరూ తలెత్తి సూసేరు. నీ పేరు సెప్తే ఎవరావిడ, ఎక్కడ సెప్తారు, అని అడుగుతారు. అదంతా సెప్పుకోడానికే ఉన్న టైమంతా అయిపోద్ది. పోగుల గురించి ఎప్పుడు సెప్తాను?" నా ముఖం చూసి ఆగింది. "ఏటమ్మా, కోపమొచ్చిందా?"

"లేదే" అన్నాను.

గజపతినగరం వచ్చింది. ముందు నేను దిగి, నా వెనకాల అది దిగి, "సాయంత్రం స్టాండులో ఉంటాను" అని చెయ్యి ఊపి రోడ్డు దాటింది. నేను కాలేజీ వైపు నడుస్తూ దాని మాటలు మళ్ళీ మొదట్నించీ తిప్పి చూసుకున్నాను. ఎక్కడైనా ఒక తప్పు దొరికితే సాయంత్రం పట్టుకుని దులిపేద్దామని చూశాను. చేతిలో ఉన్నది కాస్త సమయం. వాడుకోవడానికి రెండు పేర్లున్నాయి. ఎక్కువ ఫలితం వచ్చే పేరు వాడుకుని, మిగిలిన సమయం అసలు విషయం మీద ఖర్చుపెట్టింది. ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. అలా లెక్క వేయడం దానికి నేర్పింది నేనే.